షెల్టర్ కొత్త గోనెసంచి కాదు

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలని పెద్దలు చెబుతారు. అంత ఖర్చుకూ అంత పాపానికీ ఎవరు సిద్ధపడతారు? అందుకే పిల్లి బెడదకు మన ఇళ్లలో తరతరాలుగా ఒకటే మందు, గోనెసంచి. పాలగిన్నె దొర్లించిన పిల్లినో, అటక మీద ఈనిన పిల్లి కూనల్నో సంచిలో వేసి, మూతి బిగించి, సైకిలు మీద ఏటి అవతలకు తీసుకెళ్లి వదిలేయడం. విజయవాడ వాళ్లకు ప్రకాశం బ్యారేజీ ఉండనే ఉంది. సంచి వంతెన దాటితే పీడ విరగడైనట్టే. పిల్లి చావలేదు, పాపం అంటలేదు. సీతానగరం వైపు ఆ కొత్త చోట, కొత్త కుక్కల మధ్య దాని గతి ఏమైందని ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు.

ఇప్పుడు గోనెసంచి పని ఫోను చేస్తోంది. "మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టిందండీ, కాస్త వచ్చి తీసుకెళ్లండి" అని ఏదో ఒక జంతు సంరక్షణ షెల్టర్‌కు కబురు చేస్తారు. చేసేవారి మనసులో దయ లేదని కాదు. కానీ కోరుతున్నది మాత్రం పాత కోరికే: కంటికి కనిపించని చోటికి చేర్చమని. వీధి పిల్లుల విషయంలో షెల్టర్ చేయగలిగిన అసలు మేలు దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంది. పిల్లిని పట్టుకెళ్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకాలు వేసి, మళ్లీ అదే సెల్లార్‌కు తెచ్చి వదలడం. ఫోను చేసినవారు నివ్వెరపోయేది ఇక్కడే. "మళ్లీ మా దగ్గరికే తెస్తారా?"

అవును, అక్కడికే. ఒక చోట పిల్లులు కాపురం పెట్టాయంటే అక్కడ తిండి, దాక్కునే చోటు రెండూ ఉన్నాయని అర్థం. వన్‌టౌన్‌లో దుకాణాల వెనుక సందులు, చేపలు కోసి కడిగే అరుగులు, కృష్ణలంకలో ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఇళ్ల పైకప్పులు, పటమటలో కార్ల కింద చల్లగా ఉండే సెల్లార్లు. అక్కడి నుంచి పది పిల్లుల్ని ఎత్తుకెళ్లినా చేప తలలు అక్కడే పడుతుంటాయి, కారు కింద నీడ అక్కడే ఉంటుంది. పక్క సందులో చోటు చాలక తిరుగుతున్న గండుపిల్లి రెండు వారాల్లో వచ్చి గోడకు తన వాసన పూసి పోతుంది. దాని వెంట మరొకటి. ఖాళీ అయిన అద్దె ఇల్లు ఎంతకాలం ఖాళీగా ఉంటుంది?

దీనికి తోడు సంతానం. పెంటిపిల్లి ఐదారు నెలలకే ఎదకు వస్తుంది. చూలు నిలిస్తే 63 నుంచి 65 రోజుల్లో ఈనుతుంది. పిల్లలు ఇంకా పాలు తాగుతుండగానే మళ్లీ చూలు కట్టవచ్చు. పిల్లుల ఎదకు పగటి వెలుగుతో ముడి ఉంది. పగలు బాగా కురచయ్యే చలిదేశాల్లో శీతాకాలం కొన్ని నెలలు ఆ వ్యవహారం ఆగుతుంది. విజయవాడ ఉన్నది సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ డిసెంబరు చివర కూడా పగలు దాదాపు 11 గంటలు ఉంటుంది. అంటే చలికాలం ఇచ్చే సెలవు ఇక్కడి పిల్లులకు లేనట్టే.

ఇక్కడ ఒక అతిశయోక్తిని పక్కన పెట్టాలి. ఒక జత పిల్లుల నుంచి ఏడేళ్లలో 4,20,000 పిల్లులు పుట్టుకొస్తాయని జంతుప్రేమికుల ప్రచారంలో ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. గుణకారం సరిగ్గానే ఉండవచ్చు, బతుకు అలా ఉండదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో వీధి పిల్లులను గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఒక్కో పెంటిపిల్లి ఏడాదికి సగటున 1.4 ఈతలు ఈనింది. ఈతకు మూడు పిల్లలు మామూలు. ఆ పుట్టిన 169 కూనల్లో 127 ఆరు నెలలు నిండకముందే చనిపోయాయి లేదా కనిపించకుండా పోయాయి. నూటికి 75. అంటే వీధి పిల్లుల సంఖ్య ఎవరూ పట్టించుకోకపోయినా ఏదో ఒక హద్దులో ఉంటూనే ఉంది. ఆ హద్దు పెడుతున్నది చక్రాలు, కుక్కలు, కలుషితమైన తిండి, వైరస్‌లు. ఆపరేషన్ చేసేదల్లా ఆ పనిని చావు చేతిలోంచి తీసుకుని వైద్యుడి చేతిలో పెట్టడం. దయ అన్న మాటకు ఇంతకంటే లెక్కకు నిలిచే అర్థం దొరకదు.

మరి షెల్టర్‌లోనే ఉంచేస్తే ఏం? ఈ ప్రశ్న అడిగేవారు సాధారణంగా ఇంటి పిల్లిని ఊహించుకుంటారు. వీధిలో కనిపించే పిల్లులు రెండు రకాలు. ఒకటి, ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో పెరిగి తప్పిపోయినదో, ఇల్లు మారుతూ వదిలేసినదో. పిలిస్తే తోక నిలబెట్టి వస్తుంది, కాళ్లకు రాసుకుంటుంది. దానికి షెల్టర్, ఆ తర్వాత ఒక ఇల్లు, నిజంగానే మేలు. రెండోది మచ్చిక లేని పిల్లి. వీధిలోనే పుట్టి, మనిషి చేయి తగలకుండా పెరిగినది. పిల్లి కూనకు మనిషిని నమ్మడం నేర్చే కాలం చాలా కురచ: రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ కిటికీ మూసుకున్నాక, పెద్దయిన పిల్లిని ఎంత ప్రేమగా చూసినా మనిషి దానికి పులితో సమానమే.

అటువంటి పిల్లిని గదిలో పెడితే ఏమవుతుందో షెల్టర్లలో పనిచేసేవారికి బాగా తెలుసు. మూలకు పోయి ఇసుక ట్రేలోనే ముడుచుకుని కూర్చుంటుంది. కంటిపాపలు పెద్దవై ఉంటాయి. పగలు గిన్నె ముట్టదు. పిల్లి కొన్ని రోజులు తిండి మానేస్తే దాని ఒంట్లో కొవ్వు కాలేయానికి చేరి ఆ అవయవమే దెబ్బతింటుంది. బెదురు వల్ల ఒంట్లో అణగి ఉన్న హెర్పిస్ వైరస్ తిరగబెడుతుంది. తుమ్ములు, పుసులు కట్టిన కళ్లు. అన్నిటికంటే భయపెట్టేది పాన్‌ల్యూకోపీనియా. టీకా పడని కూనలను వాంతులు, విరేచనాలతో రెండు మూడు రోజుల్లో తీసుకుపోయే జబ్బు ఇది. దాని వైరస్ గచ్చులో, బుట్టలో, చెప్పుల అడుగున ఏడాది దాకా బతకగలదు. బ్లీచింగ్ ద్రావణానికి తప్ప మామూలు ఫినాయిలుకు లొంగదు. ఊరి నలుమూలల నుంచి కూనలను తెచ్చి ఒకే గదిలో పెట్టడమంటే ఆ వైరస్‌కు పందిరి వేసి పెళ్లి చేయడమే. నిండిపోయిన షెల్టర్ "ఇప్పుడు చోటు లేదు" అంటే చాలామంది కోపగించుకుంటారు. నిజానికి ఆ మాట అనగలిగిన షెల్టరే నమ్మదగినది.

కాబట్టి మచ్చిక లేని పిల్లికి షెల్టర్ ఇల్లు కాదు, ఒకటి రెండు రోజుల ఆసుపత్రి. ఆ ఆసుపత్రికి పిల్లిని చేర్చడమే ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం. విజయవాడ పక్కనే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, నగరంలో పెంపుడు జంతువుల క్లినిక్‌లు ఉన్నాయి. గండుపిల్లికి ఆపరేషన్ కొద్ది నిమిషాల పని. దాన్ని పట్టడానికి మూడు రాత్రులు పట్టవచ్చు. కొరత కత్తికి కాదు, బోను దగ్గర కూర్చునే మనిషికి.

ఆ రాత్రి ఎలా గడుస్తుందో చూస్తే షెల్టర్‌కు స్థానికుల అవసరం ఏమిటో తెలుస్తుంది. రోజూ తిండి పెట్టేవారు ముందు రోజు నుంచి పెట్టడం ఆపాలి. ఇది మాట వరసకు చెప్పినంత తేలిక కాదు. ఒకరు ఆపినా పై అంతస్తు మామ్మగారు జాలిపడి గుప్పెడు అన్నం పెట్టారంటే ఆ రాత్రికి బోను వృథా. బోను అంటే ఎలుకల బోనుకే పెద్దన్న: మూడడుగుల ఇనుప జాలీ పెట్టె, ఒక వైపు జారే తలుపు, లోపల తొక్కుడు పలక. అడుగున వార్తాపత్రిక పరుస్తారు, పాదాలకు తీగ గుచ్చుకుంటే పిల్లి వెనక్కి తగ్గుతుంది. ఎండు చేపలు నిప్పు మీద కాస్త కాల్చి పలకకు అవతల, చిట్టచివరన పెడతారు. వాకిట్లో ఒక చిన్న ముక్క, లోపల ఇంకొకటి. తర్వాత దూరంగా, ఫోను వెలుతురు కూడా లేకుండా కూర్చోవాలి. పిల్లి వస్తుంది, బోను చుట్టూ తిరుగుతుంది, తల పెట్టి తీస్తుంది, వెళ్లిపోతుంది, అరగంటకు మళ్లీ వస్తుంది. తలుపు దబ్బున పడిన మరుక్షణం పిల్లి జాలీకి అడ్డంగా ఎగిరి కొట్టుకుంటుంది. ముక్కు చీరుకుపోయేంతగా. అప్పుడు ఒక పాత దుప్పటి తెచ్చి బోను మొత్తం కప్పేయాలి. చీకటి కమ్మగానే ఆ గింజులాట ఆగిపోతుంది. పట్టడంలో ఇంతకు మించిన కిటుకు లేదు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ ఇక్కడ గుర్తు రాక మానదు. రాయలవారు ఎలుకల బాధకు ఇంటింటికీ పిల్లిని పంచితే, రామకృష్ణుడు తన పిల్లికి మరిగే పాలు పెట్టాడు. ఆ తర్వాత అది పాలగిన్నె చూస్తేనే పరుగు. కథ నవ్వించడానికే చెప్పినా అందులోని పిల్లి బుద్ధి అచ్చంగా నిజం. ఒకసారి బోనులో పడి తప్పించుకున్న పిల్లి, చేతులతో ఒడిసి పట్టబోతే జారిపోయిన పిల్లి, మళ్లీ ఆ ఛాయలకు రాదు. అందుకే ఉత్సాహపడి గోనెసంచితో వెంటబడే కుర్రాళ్లు షెల్టర్‌కు సాయం కన్నా నష్టం ఎక్కువ చేస్తారు. పైగా కరిపించుకుంటారు. పిల్లి కాటుకూ రేబిస్ ప్రమాదం ఉంది. సబ్బు రాసి ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి. ఎండాకాలంలో మరో జాగ్రత్త: 40 డిగ్రీలు దాటే బెజవాడ మధ్యాహ్నంలో కప్పిన బోనును వరండాలో అరగంట మరిచిపోతే ఆపరేషన్ అవసరం ఉండదు.

మత్తులో ఉండగానే ఎడమ చెవి కొసను సుమారు సెంటీమీటరు మేర అడ్డంగా కత్తిరిస్తారు. చూసినవారు అయ్యో అంటారు. కానీ ఆ కొస లేని చెవే పిల్లికి ఆధార్ కార్డు. మళ్లీ బోనులో పడితే దూరం నుంచే గుర్తుపట్టి వదిలేయవచ్చు. లేకపోతే ఆపరేషన్ అయిన పెంటిపిల్లినే మళ్లీ బల్ల మీద పడుకోబెట్టి పొట్ట కోసి చూడాల్సి వస్తుంది. గండుపిల్లిని ఒక రాత్రి, పెంటిపిల్లిని ఒకటి రెండు రోజులు ఉంచుకుని తెచ్చి వదులుతారు. పాలిచ్చే తల్లి అయితే ఒక్క రోజు మించి ఉంచకూడదు. ఆపరేషన్ వల్ల పాలు ఆగిపోవు గానీ పిల్లలు అంతకాలం ఆగలేవు.

పిల్లల సంగతికి వస్తే, మంచి మనసు ఎక్కువ చెరుపు చేసేది ఇక్కడే. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని సామెత. లెక్క ఏడు కాకపోవచ్చు, తిప్పడం మాత్రం నిజం. వాసన పొక్కినా, మనిషి అలికిడి ఎక్కువైనా, మెడ పట్టుకుని ఒక్కొక్కటిగా మోసుకుపోతుంది. తల్లి నోట కరుచుకున్నాక పిల్ల చేయవలసిందేమీ ఉండదని, శరణాగతికి వైష్ణవులు మార్జాల కిశోర న్యాయం చెప్పింది ఈ దృశ్యం చూసే. ఇప్పుడు నాలుగు పిల్లల్లో రెండింటిని మోసి, మూడోదాని కోసం తల్లి గోడ దిగుతుండగా, సెల్లార్‌లో ఎవరో మిగిలిన రెండింటిని చూస్తారు. "తల్లి వదిలేసింది పాపం" అని అట్టపెట్టెలో వేసుకుని ఆటో ఎక్కుతారు. షెల్టర్‌కు చేరిన అనాథల్లో కొన్ని ఇలా మనం చేసిన అనాథలే.

పిల్లల పొట్టలు గుండ్రంగా ఉండి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటే తల్లి దగ్గరలోనే ఉన్నట్టు. చుట్టూ కొన్ని అడుగుల దూరంలో పలుచగా ముగ్గు చల్లి వెళితే, తెల్లవారేసరికి అడుగుల జాడ కనిపిస్తుంది. గోధుమపిండి వద్దు, చీమలు పడతాయి. తల్లి నిజంగానే రాదని, పిల్లలు చల్లబడి బిగ్గరగా ఏడుస్తున్నాయని తేలితేనే ఎత్తుకోవాలి. అప్పుడు మొదటి పని పాలు పట్టడం కాదు, ఒళ్లు వెచ్చబెట్టడం. చల్లబడ్డ కూన పొట్ట పాలను అరిగించలేదు. ఆవుపాలు, గేదెపాలు విరేచనాలు తెస్తాయి. పిల్లి కూనల కోసం అమ్మే పాలపొడి కలిపి, బోర్లా పడుకోబెట్టి, రెండు మూడు గంటలకొకసారి, రాత్రిళ్లు కూడా పట్టాలి. వెల్లకిలా పట్టి తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రతిసారీ తడి దూదితో కింద రుద్దితేనే మూత్రం పోస్తాయి, తల్లి నాలుకతో చేసే పని అది. ఏ షెల్టర్‌లో ఇన్ని చేతులుంటాయి? రెండు కూనలను నాలుగు వారాలు ఇంట్లో పెంచి తిరిగి ఇచ్చే కుటుంబం ఒక్కటి దొరికితే, షెల్టర్‌కు అది అన్నదానానికి వచ్చే చందా కన్నా ఎక్కువ.

తిండి పెట్టేవారి మీద అపార్ట్‌మెంటు సంఘాల సమావేశాల్లో జరిగే గొడవకు అంతు ఉండదు. ఇరుపక్షాల్లోనూ కొంత న్యాయం ఉంది. గేటు దగ్గర ఆకులో పెరుగన్నం పడేసి వెళితే పిల్లి సగం తింటుంది, మిగతా సగం ఎలుకలకు, కాకులకు, ఈగలకు. పైగా వట్టి పెరుగన్నం పిల్లికి తిండే కాదు. మాంసంలో దొరికే టౌరిన్ అనే పోషకం లేకపోతే కాలక్రమంలో చూపు పోతుంది, గుండె చెడుతుంది. ఉడికించిన చేప తలలు, కోడి కార్జాలు కలిపితే చాలా నయం. రోజూ ఒకే వేళకు, ఒకే మూల పెట్టి, అరగంట తర్వాత గిన్నె తీసేస్తే సగం ఫిర్యాదులు వాటంతట అవే పోతాయి. ఆ అరగంటే లెక్కకు సమయం కూడా. ఎన్ని ఉన్నాయి, ఏది చూలుతో ఉంది, దేని చెవి కోసి ఉంది, కొత్తగా వచ్చిందేది. మూడు రంగులు కలిసిన పిల్లి కనిపిస్తే దాదాపు కచ్చితంగా పెంటిపిల్లి అని రాసుకోవచ్చు. ఇలా పుస్తకం రాసే మనిషి ఒక్కరున్న వీధిలో షెల్టర్ పని రోజుల్లో తేలుతుంది, లేని వీధిలో నెలలు పడుతుంది. జబ్బు చేసిన పిల్లికి సొంత వైద్యంగా పారాసిటమాల్ పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు.

చట్టం ఏమంటుందన్నది క్లుప్తంగా. 2001లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల పేరులోనే 'కుక్కలు' అన్న మాట ఉండేది. వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చిన నిబంధనల పేరులో అది లేదు. ఆవరణలోని వీధి జంతువులకు తిండి పెట్టే చోటును, పిల్లల ఆటస్థలాలకు, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా నివాసుల సంఘమే ఏర్పాటు చేయాలని ఆ నిబంధనలు చెబుతాయి. విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలుకు తగిన నేరం. కాగితం మీద ఇంత ఉన్నా, వీధి జంతువులనగానే మన ఊళ్లలో చర్చంతా కుక్కల చుట్టూనే తిరుగుతుంది. పిల్లి కరిచిన వార్త మొదటి పేజీకి రాదు కదా.

పిల్లుల పక్షాన వినిపించే ఒక వాదన మాత్రం కాస్త బలహీనం: ఎలుకలు పోతాయని. గుంటూరు పట్నంబజారు గోదాముల నుంచి బెజవాడ వన్‌టౌన్ కిరాణా కొట్ల దాకా ఇదే నమ్మకం. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఎలుకలు నిండిన ఒక చోట 79 రోజులు కెమెరాలు పెట్టి గమనించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో, అక్కడి పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండంటే రెండు. పిల్లులు తిరిగినప్పుడు ఎలుకలు బయటకు రావడం తగ్గింది, అంతే. చుంచెలుకను పిల్లి వదలదు. కిలో దాకా తూగే పందికొక్కు ఎదురైతే దారి తప్పుకునేది పిల్లే. పిల్లి ఉంది కదా అని ధాన్యం బస్తాల కింద కన్నాలు పూడ్చని వ్యాపారికి ఆ పిల్లి భరోసాయే తప్ప కాపలా కాదు.

ఆపరేషన్ల మీద కూడా గుడ్డి నమ్మకం పనికిరాదు. ఒక సందులో ఇరవై పిల్లులుంటే ఐదింటికి చేసి ఫొటో దిగి వెళ్లడం వల్ల ఆ ఐదింటికి మేలు, సందుకు ఏమీ మారదు. ఒక్కో గుంపులో కనీసం పదింట ఏడెనిమిదింటికి, అదీ దగ్గర దగ్గరగా జరగాలి. ఫ్లోరిడాలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 11 ఏళ్లు సాగిన ఇటువంటి కార్యక్రమంలో పిల్లుల సంఖ్య 68 నుంచి 23కు తగ్గింది. ఆ ఫలితాన్ని చెప్పేవారు తరచూ మింగేసే సంగతి ఒకటుంది. అక్కడి పిల్లుల్లో దాదాపు సగాన్ని ఇళ్లవారు పెంపకానికి తీసుకున్నారు. కత్తి ఒక్కటే చేసిన పని కాదది. మనవద్ద ఆ సగం భాగం ఎంతో కష్టం. ఎదురొస్తే ప్రయాణం ఆపుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కొందామనుకునేవారికి పర్షియన్ పిల్లి కావాలి. బూడిదచారల వీధి పిల్లి కూనను ఇంటికి తీసుకెళ్లేవారి కోసం షెల్టర్ ఎదురుచూడాలి. మొదట మారవలసిన లెక్క ఇదే.

రాత్రిళ్లు పసిపిల్ల ఏడ్చినట్టు వినిపించే ఆ అరుపు, ఇంటికి అరిష్టమని దిండు చెవులకు అదుముకునే ఆ అరుపు, ఎదకు వచ్చిన పిల్లులదే. గండుపిల్లుల పోట్లాట, గోడల మీద కారే ఘాటైన వాసన కూడా దాని తోబుట్టువులే. గుంపులో ఎక్కువ వాటికి ఆపరేషన్ అయ్యాక ఇవన్నీ కొన్ని వారాల్లో సద్దుమణుగుతాయి. ఫిర్యాదు చేసిన అంతస్తువారు తేడా గమనిస్తారు, కారణం మాత్రం అడగరు.

తిరిగి వదిలే వేళ సాధారణంగా తెల్లవారుజాము, ఆటోలు ఇంకా కదలని సమయం. పట్టిన చోటే బోను దించి, తలుపును గోడ వైపు తిప్పి, దుప్పటి తీసి, తలుపు పైకి లాగుతారు. ఒక్కోసారి పిల్లి కదలదు. తెరిచిన దారిని నమ్మనట్టు అలాగే చూస్తుంది. ఆ తర్వాత మెరుపులా దూకి, తోపుడు బండి కిందుగా, వెనక్కి చూడకుండా పోతుంది. రెండు రోజులు కనిపించదు. మూడో రోజు సాయంత్రం గిన్నె పెట్టే వేళకు, మిగతావాటికి నాలుగడుగులు వెనుకగా, కొస లేని ఎడమ చెవితో వచ్చి కూర్చుంటుంది. పుస్తకంలో ఆ పిల్లి ఎదురుగా ఒక గీత పడుతుంది.